లింక్డ్‌ఇన్‌లో వెతకాలా, వాట్సాప్‌లో చాటాలా? ఏ ఖాళీకి ఏ సోషల్ మీడియా పనికొస్తుందో రిక్రూటర్లకు ఒక పోలిక

కొత్తగా రిక్రూటింగ్‌లోకి వచ్చిన ఒక అమ్మాయి పోయిన నెల నాకు తన ఫోన్ చూపించింది. జీడిమెట్లలో ఒక ఫార్మా కంపెనీకి క్యూసీ (నాణ్యత పరీక్షించే) కెమిస్టులు కావాలి. చక్కగా పోస్టర్ చేయించి లింక్డ్‌ఇన్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టెలిగ్రామ్, నాలుగు వాట్సాప్ గ్రూపులు, అన్నింట్లో ఒకే రోజు పెట్టింది. కింద వందల్లో "ఇంట్రెస్టెడ్" కామెంట్లు. బీటెక్ మెకానికల్ వాళ్లున్నారు, ఎంబీయే ఫ్రెషర్లున్నారు, పాట్నా నుంచి అడిగినవాళ్లున్నారు. హెచ్‌పీఎల్‌సీ (మందులను పరీక్షించే ల్యాబ్ యంత్రం) మీద రెండేళ్లు పని చేసిన ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వాళ్లు మాత్రం ముగ్గురే. ఆ ముగ్గురూ ఒకే వాట్సాప్ గ్రూపు నుంచి వచ్చారు. "అక్కా, మిగతావన్నీ దండగేనా?" అని అడిగింది.

దండగేం కాదు. ఆ ఖాళీకి అవి సరిపడవు, అంతే. పద్నాలుగేళ్లుగా ఐటీకి, ఫార్మాకి, ఆస్పత్రులకి మనుషులను వెతికి పెడుతున్నాను. ఒక ఖాళీకి బాగా పనిచేసిన చోటు ఇంకో ఖాళీకి ఒక్క మనిషిని కూడా ఇవ్వకపోవడం చాలాసార్లు చూశాను. అందుకే ఇక్కడ ఏది గొప్పదో తేల్చబోవడం లేదు. మీ ఖాళీకి ఏది సరిపోతుందో మీరే తేల్చుకునేలా ఒక్కొక్కటి చెప్తాను.

ముందు చూడాల్సినవి

మొదటిది, మీకు కావలసిన మనిషి ఫోన్‌లో ఎక్కడ ఉంటాడు, అక్కడ ఏ ఆలోచనతో ఉంటాడు? ఎనిమిదేళ్ల అనుభవం ఉన్న జావా డెవలపర్‌కి ఇన్‌స్టాగ్రామ్ కూడా ఉంటుంది. కానీ రాత్రి పదింటికి రీల్స్ చూస్తున్నప్పుడు ఉద్యోగం మారే ఆలోచన రాదు. అదే మనిషి చాలా రోజుల తర్వాత లింక్డ్‌ఇన్ తెరిచి ప్రొఫైల్ సరిచేసుకుంటున్నాడంటే, అప్రైజల్ నచ్చలేదో, ప్రాజెక్టు అయిపోవచ్చిందో, ఏదో ఒకటి జరిగి ఉంటుంది.

రెండోది, మీరు వెతుక్కుంటూ వెళ్లాలా, వాళ్లే మీ దగ్గరికి రావాలా? అరుదైన పని తెలిసిన ఒక్క మనిషి కావాలంటే వెతకాలి. యాభైమంది ప్యాకింగ్ హెల్పర్లు కావాలంటే ఊళ్లో దండోరా వేసినట్టు చాటాలి. వెతకడానికి వీలున్న చోట దండోరా సరిగా వినపడదు. దండోరా బాగా వినపడే చోట వెతకడానికి వీలుండదు.

మూడోది చాలామంది పట్టించుకోనిది. వచ్చినవాళ్లందరికీ జవాబు చెప్పగలరా? రోజుకు పాతిక మందితో మాట్లాడే తీరిక ఉన్న రిక్రూటర్ వెయ్యి మంది వచ్చే చోట పోస్టు పెడితే, తొమ్మిది వందల డెబ్భై అయిదు మందికి మౌనమే దొరుకుతుంది. వాళ్లలో సగం మంది మీ కంపెనీ పేరు గుర్తుపెట్టుకుంటారు, మంచి కారణానికి కాదు.

నాలుగోది నమ్మకం. ఇంటి నుంచే పని, వీడియోలకు లైక్ కొడితే రోజుకు వేలు అని మొదలుపెట్టి, చివరికి డిపాజిట్ పేరుతో లక్షలు లాగే టాస్క్ మోసాలు మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఇళ్లను కుదిపేశాయో తెలిసిందే. ఇప్పుడు ఉద్యోగం అన్న మాట కనబడగానే "ఇది నిజమేనా?" అన్న అనుమానం ముందు వస్తుంది. ఆ అనుమానాన్ని ఎక్కడ తేలిగ్గా తీర్చగలమో అదీ లెక్కలోకి రావాలి.

ఇక డబ్బు. చిన్న కన్సల్టెన్సీలకు అది పెద్ద విషయమే. అయితే ఉచితం అనుకున్నవాటిలో ఖర్చయ్యేది మన గంటలు. వాటికీ జీతం ఇస్తున్నాం కదా.

| ఎక్కడ | ఏ ఖాళీలకు | మనం వెతకవచ్చా | పోస్టు ఎన్నాళ్లు బతుకుతుంది | ఖర్చు | జాగ్రత్త |
|---|---|---|---|---|---|
| లింక్డ్‌ఇన్ | ఐటీ, ఫైనాన్స్, మేనేజర్లు, అనుభవం ఉన్న ఫార్మా వాళ్లు | బాగా | కొన్ని రోజులు. ప్రొఫైల్ మాత్రం ఎప్పటికీ | ఉచితంగా కొంత, ఆపైన ఖరీదు | "ఇంట్రెస్టెడ్" కామెంట్ల వరద |
| వాట్సాప్ | ఫార్మా, నర్సింగ్, ఫ్యాక్టరీ, వాక్-ఇన్ | లేదు | ఒకటి రెండు రోజులు. ఫార్వర్డ్ అయితే నెలలు | ఉచితం | నంబర్లు బయటపడటం, పాత పోస్టర్లు తిరగడం |
| ఫేస్‌బుక్ | డ్రైవర్లు, టెక్నీషియన్లు, సేల్స్, జిల్లాల వాళ్లు | కొద్దిగా | గ్రూపును బట్టి | ప్రకటనకు మీ ఇష్టం ఉన్నంత | నకిలీ ఖాతాలు |
| ఇన్‌స్టాగ్రామ్ | ఫ్రెషర్లు, డిజైన్, షోరూమ్‌లు, హోటళ్లు | లేదు | స్టోరీ 24 గంటలు, రీల్ ఇంకాస్త | ఉచితం లేదా ప్రకటన | చూసేవాళ్లు ఎక్కువ, అప్లై చేసేవాళ్లు తక్కువ |
| టెలిగ్రామ్ | ఫ్రెషర్లు, పరీక్షలకు చదివేవాళ్లు | లేదు | ఛానెల్‌లో వెతికితే దొరుకుతుంది | ఉచితం | మోసగాళ్ల మధ్య మీరూ ఒకరిగా కనబడటం |
| యూట్యూబ్ | పని చోటు చూపించాల్సిన ఉద్యోగాలు | లేదు | ఏళ్లు | వీడియో తీసే శ్రమ | ఫలితం ఆలస్యం |

లింక్డ్‌ఇన్: పోస్టు కన్నా వెతుకులాటకి

2003లో మొదలైన లింక్డ్‌ఇన్‌ను 2016లో మైక్రోసాఫ్ట్ కొనేసింది. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసే ఐటీ వాళ్లలో అక్కడ ప్రొఫైల్ లేనివాళ్లు అరుదు. అయినా మన రిక్రూటర్లు దాన్ని నోటీసు బోర్డులాగే వాడుతున్నారు. "అర్జెంట్ రిక్వైర్‌మెంట్, ఇమ్మీడియట్ జాయినర్స్ ఓన్లీ, కామెంట్‌లో ఇంట్రెస్టెడ్ అని పెట్టండి" అనే పోస్టు రోజూ కనబడుతుంది. అలాంటి పోస్టుకు వచ్చే కామెంట్లలో మీకు కావలసిన మనిషి దాదాపు ఉండడు. మంచి ఉద్యోగంలో ఉన్నవాడు తన మేనేజర్ చూసేలా అలా బహిరంగంగా కామెంట్ పెట్టడు.

దాని అసలు బలం సెర్చ్. ఒకే పనికి కంపెనీకో పేరు ఉంటుంది. ఆటోమేషన్ టెస్టర్ కావాలంటే ఎస్‌డెట్, క్యూఏ ఇంజినీర్, టెస్ట్ ఇంజినీర్ అన్న పేర్లన్నీ వేసి చూడాలి. వాటిని కలపడానికి ఆర్ (OR), అండ్ (AND), నాట్ (NOT) అనే ఇంగ్లిష్ మాటలను పెద్ద అక్షరాల్లో వాడితే ఫలితాలు చాలా మెరుగవుతాయి. లింక్డ్‌ఇన్ తెలుగులోనూ కనిపిస్తుంది. కానీ ప్రొఫైళ్లు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి కాబట్టి వెతకడం కూడా ఇంగ్లిష్‌లోనే. ఉచిత ఖాతాతో నెలలో ఎక్కువసార్లు వెతికితే ఒక పరిమితి దగ్గర ఆపేస్తుంది. మళ్లీ ఒకటో తారీఖునే తెరుచుకుంటుంది. కాబట్టి నెల మొదట్లో అడ్డదిడ్డంగా వెతికి పరిమితి అయిపోగొట్టుకోకండి. ముందు కాగితం మీద కావలసిన పదాలు రాసుకుని కూర్చోండి.

డబ్బు కట్టాలా వద్దా? నా లెక్క ఇది. నెలకు ఒకటి రెండు ఖాళీలే ఉంటే ఉచిత ఖాతా, ఉచితంగా పెట్టుకునే ఒక ఉద్యోగ ప్రకటన చాలు. ఏడాది పొడుగునా ఐటీ ఖాళీలు నింపుతుంటే రిక్రూటర్ లైట్ (డబ్బు కట్టి వాడే లింక్డ్‌ఇన్ ఖాతా) దాని ఖర్చు అదే తెచ్చుకుంటుంది. పరిచయం లేనివాళ్లకు పంపే ఇన్‌మెయిల్ విషయంలో ఒక మంచి నియమం ఉంది. 90 రోజుల్లో అవతలివాళ్లు జవాబిస్తే, అది "వద్దు" అన్న జవాబే అయినా, దానికి వాడిన క్రెడిట్ (ఒక ఇన్‌మెయిల్ పంపే హక్కు) తిరిగి వస్తుంది. అంటే వందమందికి ఒకే మెసేజ్ కొట్టేవాళ్లు నష్టపోతారు. పదిమందికి చదివి రాసేవాళ్ల క్రెడిట్లు తిరుగుతూనే ఉంటాయి.

చదివి రాయడం అంటే ఇలా: "మీరు పేమెంట్స్ టీమ్‌లో నాలుగేళ్లు ఉన్నట్టు చూశాను. మా దగ్గర అదే పని, గచ్చిబౌలి ఆఫీసు, వారానికి మూడు రోజులు రావాలి. బడ్జెట్ ఇంత వరకు ఉంది. నోటీస్ పీరియడ్ 90 రోజులైనా ఆగుతాం. పది నిమిషాలు మాట్లాడదామా?" ఇందులో ఆయన గురించి ఒక మాట ఉంది, జీతం ఉంది, హైదరాబాద్‌లో అందరినీ టెన్షన్ పెట్టే నోటీస్ పీరియడ్‌కి జవాబూ ఉంది. ఈ మూడు లేని మెసేజ్‌కి జవాబు రాలేదని బాధపడటంలో అర్థం లేదు.

ప్రొఫైల్ ఫొటో చుట్టూ "ఓపెన్ టు వర్క్" (ఉద్యోగం వెతుక్కుంటున్నాను) అనే ఆకుపచ్చ పట్టీ పెట్టుకున్నవాళ్లను కొందరు క్లయింట్లు చిన్నచూపు చూస్తారు. అది తప్పు. ఉద్యోగం పోయిన మనిషి ఆ మాట ధైర్యంగా చెప్పుకుంటున్నాడు. అందరికంటే ముందు ఫోన్ చేయాల్సింది వాళ్లకే. పట్టీ లేకుండా రిక్రూటర్లకు మాత్రమే కనబడే ఏర్పాటు కూడా ఉంది. ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లు అది వాడతారు. అలాంటివాళ్లతో మాట్లాడేటప్పుడు వాళ్ల ఆఫీసు నంబర్‌కి, ఆఫీసు టైమ్‌లో ఫోన్ చేయకండి.

ఒక హెచ్చరిక. ప్రొఫైల్‌లో రాసిన అనుభవం అంతా నిజమని అనుకోవద్దు. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ అమ్మేవాళ్లు మన ఊళ్లో ఉన్నారన్నది దాచాల్సిన విషయం కాదు. ఆఫర్ దశలో అభ్యర్థి అనుమతి తీసుకుని పీఎఫ్ సర్వీస్ వివరాలతో తేదీలు సరిచూసుకోవడం మేలు.

వాట్సాప్: బలం అంతా అందులోనే, ప్రమాదం కూడా

ఫార్మా, నర్సింగ్, ఫ్యాక్టరీ ఉద్యోగాలకు నన్ను ఒక్కటే ఎంచుకోమంటే వాట్సాప్ అంటాను. పరవాడ, పాశమైలారం, జీనోమ్ వ్యాలీ చుట్టుపక్కల ప్రొడక్షన్, క్యూసీ వాళ్ల సమాచారమంతా గ్రూపుల్లోనే తిరుగుతుంది. ఆదివారం వాక్-ఇన్ ఉంటే శుక్రవారం సాయంత్రానికి రూమ్‌మేట్ రూమ్‌మేట్‌కి పంపేస్తాడు. ఇక్కడ నమ్మకం కూడా దానంతటదే వస్తుంది. "మా సీనియర్ పంపాడు" అన్న మాట ఏ ప్రకటనా ఇవ్వలేని భరోసా.

కానీ వాట్సాప్ అంటే ఒకటి కాదు, నాలుగు వేర్వేరు పనిముట్లు. వాటిని కలిపేసుకోవడం వల్లే ఇబ్బందులన్నీ.

గ్రూపులో 1024 మంది వరకు ఉండవచ్చు, ఒకరి నంబర్ అందరికీ కనిపిస్తుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది, అదీ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. 2023 సెప్టెంబరులో మన దేశానికి వచ్చిన ఛానెల్‌లో ఎంతమందైనా చేరవచ్చు. చేరినవాళ్ల నంబర్లు ఒకరికొకరికి కనబడవు. అయితే అందులో మీరు చెప్పడమే, వాళ్లు మాట్లాడటం ఉండదు. నాలుగోది బిజినెస్ యాప్. ముందే రాసిపెట్టుకున్న జవాబులు, "రెజ్యూమె వచ్చింది", "ఇంటర్వ్యూ ఉంది", "ఆఫర్ ఇచ్చాం" లాంటి లేబుళ్లు అందులో ఉంటాయి.

నేను పడిన బాధ ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక ఆస్పత్రికి నర్సులు కావాలంటే జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసిన అమ్మాయిలందరినీ ఒక గ్రూపులో చేర్చాను. వారం తిరక్కముందే ఇద్దరికి తెలియని నంబర్ల నుంచి రాత్రిళ్లు ఫోన్లు మొదలయ్యాయి. గ్రూపులోంచి ఎవరో నంబర్లు తీసుకున్నారు. ఆ అమ్మాయిలు నా మాట మీద చేరారు. ఆ రోజు నుంచి అభ్యర్థులను, అందులోనూ అమ్మాయిలను, నంబర్లు కనబడే గ్రూపులో చేర్చను. ప్రకటనలకు ఛానెల్, మాటలకు బిజినెస్ యాప్ ఉన్న వేరే నంబర్. ఈ రెండూ కలిస్తే గ్రూపు అవసరమే లేదు. ఇప్పటికే ఉన్న కాలేజీ గ్రూపుల్లో, పాత ఉద్యోగుల గ్రూపుల్లో అడ్మిన్‌ని అడిగి పోస్టు వేయించుకోవచ్చు.

ఇంకో సమస్య పోస్టర్. బొమ్మ రూపంలో పంపిన ప్రకటన మీద తేదీ లేకపోతే ఆరు నెలల తర్వాత కూడా తిరుగుతుంది. కరీంనగర్ నుంచి తెల్లవారుజామున బస్సెక్కి జీడిమెట్ల గేటు దాకా వచ్చి, "ఆ వాక్-ఇన్ ఎప్పుడో అయిపోయింది" అని సెక్యూరిటీ చెప్తే వెనక్కి పోయిన పిల్లలను చూశాను. పోస్టర్ మధ్యలో, కోసేయడానికి వీల్లేని చోట, తేదీ పెద్దగా వేయండి. కింద అదే విషయం అక్షరాల్లో కూడా రాయండి. అప్పుడు ఎవరైనా చాట్‌లో వెతికితే దొరుకుతుంది.

తెలియని నంబర్లకు మూకుమ్మడిగా మెసేజ్‌లు పంపే సాఫ్ట్‌వేర్లు అమ్మేవాళ్లు మీకూ ఫోన్ చేసే ఉంటారు. కొనకండి. వాట్సాప్ అలాంటి నంబర్లను బ్యాన్ చేస్తుంది, దానితో మీ పాత సంభాషణలన్నీ చేజారతాయి.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్

ఫేస్‌బుక్‌లో ఒకప్పుడు ఉద్యోగాలకు ప్రత్యేక విభాగం ఉండేది. 2022 ఫిబ్రవరిలో మన దగ్గర అది ఆగిపోయింది. ఇప్పుడు మిగిలింది గ్రూపులు, డబ్బు కట్టి వేసే ప్రకటనలు. ఫేస్‌బుక్ పని అయిపోయింది అనేవాళ్లు హైదరాబాద్‌లో కూర్చుని మాట్లాడుతున్నారు. జిల్లాల్లో ముప్పై అయిదు దాటిన డ్రైవర్లు, ఎలక్ట్రీషియన్లు, ఏసీ మెకానిక్‌లు, మెడికల్ రెప్‌లు ఇంకా అక్కడే ఉన్నారు. ఫలానా ఊరి చుట్టూ ఇన్ని కిలోమీటర్ల లోపల ఉన్నవాళ్లకే కనబడేలా ప్రకటన వేయగలగడం దాని గొప్ప సౌకర్యం. అచ్యుతాపురంలో ఫిట్టర్ కావాలంటే అనకాపల్లి, గాజువాక వాళ్లకు చూపిస్తే చాలు. ప్రకటనలోనే ఫారం పెట్టి పేరు, ఐటీఐ ట్రేడ్, అనుభవం అడగవచ్చు. మూడు ప్రశ్నలకు మించి అడిగితే మధ్యలో వదిలేస్తారు. ప్రకటన తెలుగులో రాయండి. ఇంగ్లిష్‌లో రాస్తే పని బాగా వచ్చినవాడు కూడా ఇది తనకు కాదనుకుంటాడు.

ఇన్‌స్టాగ్రామ్‌లో నేరుగా మనుషులు దొరకడం తక్కువ. ఇంటర్వ్యూకి వచ్చే ముందు ఫ్రెషర్లు కంపెనీ ఎలా ఉంటుందో అక్కడే చూస్తారు. క్యాప్షన్‌లో పెట్టిన లింకు నొక్కితే తెరుచుకోదు. కాబట్టి లింకు బయోలో పెట్టి ఆ సంగతి వీడియోలోనే చెప్పాలి. స్టోరీ 24 గంటల్లో పోతుంది, దాన్ని హైలైట్‌లో దాచిపెట్టాలి. బట్టల షోరూమ్, హోటల్, సెలూన్, డిజైన్ స్టూడియో లాంటివాటికి ఇది మొదటి చోటే అవుతుంది. ఫ్యాక్టరీకి, బ్యాంకు బ్యాక్ ఆఫీసుకి మొదటి చోటు కానక్కర్లేదు.

టెలిగ్రామ్, యూట్యూబ్, ఎక్స్

టెలిగ్రామ్ గ్రూపులో రెండు లక్షల మంది వరకు ఉండవచ్చు, నంబర్ దాచుకోవచ్చు, పెద్ద ఫైళ్లు పంపవచ్చు. కాగితం మీద వాట్సాప్ కన్నా ఇదే మెరుగు. కానీ ఇందాక చెప్పిన టాస్క్ మోసాలకు ప్రధాన వేదిక కూడా ఇదే కావడంతో అక్కడ మీ నిజమైన ఉద్యోగం కూడా అబద్ధంలా కనబడుతుంది. వందల్లో ఫ్రెషర్లను తీసుకునేవాళ్లు, ఇంకెక్కడా అంతమందికి చేరలేకపోతే, కంపెనీ వెబ్‌సైట్‌లోని కెరీర్స్ పేజీ లింకు మాత్రమే అక్కడ ఇవ్వాలి. రెజ్యూమెలు అక్కడే తీసుకోవడం, ఇంటర్వ్యూ చాట్‌లోనే చేయడం వద్దు.

యూట్యూబ్ మీద నాకు ప్రేమ ఎక్కువ. మూడు నిమిషాల వీడియో ఒకటి తీయండి. గేటు, షాప్ ఫ్లోర్, క్యాంటీన్, హాస్టల్ గది, బస్సు ఎక్కడ ఆగుతుందో చూపించండి. పనిచేసే అమ్మాయే తన మాటల్లో షిఫ్టు గురించి చెప్తే ఇంకా మంచిది. కడపలోనో శ్రీకాకుళంలోనో ఉన్న తల్లిదండ్రులు కూతుర్ని శ్రీసిటీకి పంపాలా వద్దా అని ఆలోచించేటప్పుడు ఆ వీడియో చూస్తారు. జాయినింగ్ రోజున రాకుండా ఆగిపోయేవాళ్లు అలా తగ్గుతారు.

ఎక్స్‌లో (పాత ట్విట్టర్‌లో) స్టార్టప్ వాళ్లు, కొందరు డెవలపర్లు దొరుకుతారు. సంస్థ స్థాపకుడికి అక్కడ ఇప్పటికే పేరుంటే ఆయన చేతే రాయించండి. లేకపోతే మీ టైమ్ వేరేచోట పెట్టండి.

మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

ఐటీ కంపెనీలో హెచ్ఆర్ అయితే సగానికి పైగా టైమ్ లింక్డ్‌ఇన్ సెర్చ్‌కి ఇవ్వండి. మిగతాది మీ ఇంజినీర్లకు ఇవ్వండి. వాళ్లు తాము చేస్తున్న పని గురించి సొంతంగా రాసే పోస్టు కంపెనీ పేజీ పోస్టు కన్నా దూరం పోతుంది. రాయమని బలవంతం మాత్రం చేయకూడదు. ఒకే వాక్యం పదిమంది పేజీల్లో కనబడితే అందరికీ అర్థమైపోతుంది.

హైదరాబాద్ నుంచి రాత్రి షిఫ్టులో అమెరికా స్టాఫింగ్ (అక్కడి కంపెనీలకు మనుషులను వెతికిపెట్టడం) చేసేవాళ్లకు లింక్డ్‌ఇన్, వాట్సాప్ రెండూ తప్పవు. కానీ ఒక్క మాట. ఓపీటీ అంటే అక్కడ విద్యార్థులకిచ్చే పని అనుమతి, హెచ్‌1బీ అంటే వర్క్ వీసా. "ఓపీటీ, హెచ్‌1బీ వాళ్లు మాత్రమే" అని ప్రకటన రాయడం అక్కడి చట్టానికి విరుద్ధం. అలాంటి ప్రకటనల మీద అమెరికా న్యాయశాఖ కంపెనీలకు జరిమానాలు వేసింది. రాసేది మాదాపూర్‌లో కూర్చున్న ఇరవై మూడేళ్ల కుర్రాడు. జరిమానా కట్టేది ఆ కంపెనీ, పోయేది ఆ కుర్రాడి ఉద్యోగం. టీమ్ లీడ్లు ఇది మొదటి రోజే నేర్పాలి.

ఫ్యాక్టరీకి మనుషులను పెట్టేవాళ్లు వాట్సాప్ ఛానెల్‌తో మొదలుపెట్టి, ఫేస్‌బుక్‌లో ఊరి చుట్టూ చిన్న ప్రకటన వేసి, యూట్యూబ్ వీడియో లింకు రెండింట్లోనూ ఇవ్వండి. లింక్డ్‌ఇన్ మేనేజర్ స్థాయికి ఉంచుకోండి.

ఆస్పత్రులకు నర్సులు కావాలంటే కాలేజీ సీనియర్ల గ్రూపులు అన్నిటికన్నా మేలు. వాళ్లు అడిగేవి జీతం కన్నా ముందు వేరే ఉంటాయి. హాస్టల్ ఎంత దూరం, నైట్ డ్యూటీలు నెలకు ఎన్ని, బాండ్ ఉందా, సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటారా? ఈ నాలుగింటికీ పోస్టులోనే జవాబు రాసినవాళ్లకు సరైన ఫోన్లే వస్తాయి.

గల్ఫ్‌కి పంపేవాళ్ల సంగతి పూర్తిగా వేరు. జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల్లో వాట్సాప్, ఫేస్‌బుక్ మీద తిరిగే దుబాయ్, సౌదీ ఉద్యోగాల పోస్టులు లెక్కలేనన్ని. 1983 వలస చట్టం ప్రకారం రిజిస్టర్ అయిన ఏజెంట్, లేదా పర్మిట్ ఉన్న యజమాని తప్ప ఎవరూ విదేశానికి మనుషులను రిక్రూట్ చేయకూడదు, ఏ ప్లాట్‌ఫామ్ మీదైనా సరే. అభ్యర్థి దగ్గర తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. రిజిస్ట్రేషన్ నంబర్ పోస్టులో వేయండి, కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో సరిచూసుకోమని మీరే చెప్పండి. రిజిస్ట్రేషన్ లేకపోతే ఏ ప్లాట్‌ఫామ్ బాగుంటుందన్న ప్రశ్నే మీకు లేదు, ఆ పని చేయకూడదు.

ఎక్కడ పెట్టినా పోస్టులో ఉండాల్సినవి

జీతం. "ఇండస్ట్రీలో బెస్ట్" అంటే ఏమీ చెప్పనట్టే. ఇంత నుంచి ఇంత అని రాయండి. క్లయింట్ ఒప్పుకోకపోతే చేతికొచ్చే కనీస మొత్తమైనా రాయండి. ఆ తర్వాత చోటు, షిఫ్టు, బస్సు రూటు, కావలసిన చదువు, చివరి తేదీ, కంపెనీ మెయిల్ ఐడీ. "ఏ దశలోనూ డబ్బు తీసుకోం, ఎవరైనా మా పేరుతో అడిగితే 1930కి ఫోన్ చేయండి" అన్న వాక్యం ప్రతి పోస్టు కిందా ఉండాలి. 1930 సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఈ ఒక్క వాక్యం పెట్టాక నాకు వచ్చే మొదటి ఫోన్ల తీరే మారింది. "డబ్బులేమన్నా కట్టాలా మేడమ్?" బదులు "ఏ షిఫ్టు మేడమ్?" అని మొదలుపెడుతున్నారు.

"మగవాళ్లు మాత్రమే", "పెళ్లికాని అమ్మాయిలు మాత్రమే" అని క్లయింట్ రాయమంటాడు. రాయకండి. నియామకాల్లో ఆడ, మగ తేడా చూపకూడదన్న నియమం 1976 నాటి సమాన వేతన చట్టం నుంచే ఉంది. పైగా ఆ పోస్టు స్క్రీన్‌షాట్ మీ పేరు మీదే తిరుగుతుంది.

రెజ్యూమెలు చేతికొచ్చాక కూడా బాధ్యత ఉంది. ఫోన్ నంబరు, పుట్టిన తేదీ, పాత జీతం, కొన్నిసార్లు ఆధార్ కాపీ కూడా పంపేస్తారు. ఆధార్ ఆ దశలో అసలు అడగకండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచారాన్ని ఏ పనికి తీసుకున్నామో ఆ పనికే, అనుమతితో వాడాలంటుంది. ఒక కన్సల్టెన్సీ నుంచి ఇంకో కన్సల్టెన్సీకి రెజ్యూమె ఫోల్డర్లు పంపుకునే అలవాటు ఇక మానాలి.

రెండు నెలలకు ఒకసారి ఈ లెక్క చూడండి

లైకులు, ఫాలోవర్లు లెక్కలోకి తీసుకోకండి. ప్రతి అభ్యర్థిని మొదటి ఫోన్‌లోనే "మా ఖాళీ మీకు ఎక్కడ తెలిసింది?" అని అడిగి ఎక్సెల్‌లో ఒక గడిలో రాయండి. రెండు నెలల తర్వాత జాయిన్ అయినవాళ్ల పేర్ల పక్కన ఆ గడి చదవండి. మూడు నెలలు దాటి ఉద్యోగంలో నిలిచినవాళ్ల పక్కన ఇంకోసారి చదవండి. ఈ రెండు జాబితాలూ ఒకటిగా ఉండవు. రెండో జాబితాలో ఎక్కువసార్లు కనబడిన ప్లాట్‌ఫామ్‌కే వచ్చే రెండు నెలల టైమ్ ఇవ్వండి.

నాకు ఫోన్ చూపించిన ఆ అమ్మాయి ఇప్పుడు ఫార్మా ఖాళీలకు ఒక వాట్సాప్ ఛానెల్, సీనియర్ అనలిస్టులకు లింక్డ్‌ఇన్ సెర్చ్, ఈ రెండే నడుపుతోంది. మిగిలిన టైమ్‌లో ఎంపిక కానివాళ్లకు మెసేజ్ పంపుతుంది. తను రాసుకున్నది అడిగి తీసుకున్నాను, మీరూ వాడుకోవచ్చు: "నమస్తే. ఈ ఖాళీకి హెచ్‌పీఎల్‌సీ అనుభవం ఎక్కువ ఉన్నవాళ్లను తీసుకున్నారు. మీ రెజ్యూమె నా దగ్గర ఉంచుకోవచ్చా? సరిపోయే ఖాళీ వస్తే నేనే ఫోన్ చేస్తాను. వద్దంటే ఈ రోజే తీసేస్తాను."